పార్కింగ్ వైపు గది

“పదకొండోసారి,” అంది మార్లిస్.

కోటు విప్పలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్న మనిషిలా మంచం అంచున కూర్చుంది.

ఆరిన్ ఐసు బకెట్ మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఆ బకెట్‌లో ఐసూ లేదు, అందులోంచి వచ్చే సాయమూ లేదు.

“ఆ కౌంటర్ పిల్ల పొరపాటు పడుంటుంది. కంప్యూటర్లు కదా...”

“అవునవును. ‘మళ్ళీ వచ్చినందుకు సంతోషం టాలెఫ్‌సన్ గారూ, ఇది మా దగ్గర మీ పదకొండో బస, ఎప్పటిలాగే పద్నాలుగో అంతస్తులో పార్కింగ్ వైపు గది ఉంచాం’ అంది. నీ గోల్డ్ కార్డుకి ఫౌంటెన్ వైపు గది ఊరికే ఇస్తామన్నా ప్రతిసారీ వద్దంటావట, అది కూడా నవ్వుతూ చెప్పింది. ఇంత వివరంగా పొరపాటు పడే కంప్యూటర్ని నేనెక్కడా చూళ్ళేదు ఆరిన్.”

ఆరిన్ బకెట్ కింద పెట్టేశాడు.

తప్పు చేసేవాడికి కాస్తయినా జాగ్రత్త ఉండాలి. ఆరిన్‌కి అది పుట్టుకతోనే లేదు. ఇరవయ్యారేళ్ళు ధాన్యం ఆరబెట్టే యంత్రాల విడిభాగాలు అమ్ముకుంటూ డకోటాలూ మోంటానా అన్నీ తిరిగిన మనిషి. వారానికి నాలుగు రాత్రులు హోటల్లోనే పడక, పడుకున్న ప్రతి రాత్రికీ కార్డులో కొన్ని పాయింట్లు, అవి పోగైతే గది ఊరికే. ఏ కౌంటర్ దగ్గర నిలబడినా ఆ గోల్డ్ కార్డు నంబరు చెప్పడం అతనికి తుమ్మొస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నంత అలవాటు. పెళ్ళానికి తెలియకుండా ఈ వేగస్‌లో దిగిన పదిసార్లూ అదే నంబరు చెప్పాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడ్డం లేదనుకుందట, ఆ సామెత ఇతన్ని చూసే పుట్టుంటుంది.

పైగా ఫార్గోలో విమానం ఎక్కేముందు ఏమన్నాడు? ‘ఒక్క పాయింటు ముట్టుకోలేదు మార్లీ, అన్నీ నీకోసమే దాచాను’ అన్నాడు. ఆ మాటకి మార్లిస్ విమానంలో అతని భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తల కొట్టుకోవాలనిపిస్తోంది.

“ఎవరితో వచ్చావు?”

“ఒక్కణ్ణే.”

“వేగస్‌కి పదిసార్లొచ్చి, ఒక్కడివే, పార్కింగ్ చూస్తూ కూర్చున్నావా?”

“ఊఁ.”

ఆ ‘ఊఁ’ నిజం చెప్పినట్టే ఉంది. ఆమెకి ఒళ్ళు మండింది అందుకే.

“ఆ పాయింట్లు నీవనుకుంటున్నావేమో,” అంది. “నువ్వు బయట పడుకున్న ప్రతి రాత్రికీ నీకు పాయింట్లిచ్చారు. అదే రాత్రి నేనూ పడుకున్నాను, ఇంట్లో, ఒక్కదాన్నే. మాటలు వినబడాలని వంటింట్లో టీవీ ఆపకుండా పడుకున్నాను. హాట్‌డిష్ కూర ఇద్దరికి సరిపడా చేసి మూడ్రోజులు తిన్నాను. ఎనిమిదింటికి నువ్వు ఫోన్ చేసి ‘ఏం తిన్నావ్’ అంటే, ఆ ఒక్క ప్రశ్న కోసం ఏడున్నర నుంచీ ఫోన్ పక్కన కూర్చున్నాను. నాకెవరూ ఏ పాయింట్లూ ఇవ్వలేదు. మనిద్దరం కలిసి కూడబెట్టినవి అవి. ఎవర్తె మీద ఖర్చుపెట్టావో చెప్పు.”

“అలాంటిదేం లేదు.”

“పేరు చెప్పు.”

“చెప్తే ఏం చేస్తావు?”

“నా వాటా పాయింట్లు పంచుకున్నందుకు థాంక్స్ అని కార్డు రాస్తాను. చెప్పు!”

ఆరిన్ కిటికీ దాకా నడిచి, తెర తాడు పట్టుకున్నాడు గానీ లాగలేదు.

“బ్రిట్టా,” అన్నాడు.

మార్లిస్ చేతిసంచి ఒళ్ళోంచి జారి కింద పడింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తియ్యలేదు.

ఆరేళ్ళయింది ఆ పేరు ఇంట్లో పలికి. కూతురి పేరు నోట్లోకి వచ్చినప్పుడల్లా ఇద్దరూ దాన్ని కాఫీతో కలిపి మింగేస్తూ వచ్చారు. ఇంత దూరం వచ్చాక, ముక్కూమొహం తెలియని ఈ గదిలో, అతను దాన్ని పైకి అనేశాడు.

“బతికే ఉందా?” అంది మార్లిస్. అడిగాక గానీ తెలియలేదు, ఆరేళ్ళుగా తను భయపడుతున్నది ఇదేనని.

“అయ్యో, ఉంది మార్లీ. బాగానే ఉంది. కిందే. ఈ హోటల్లోనే. కేసినోలో పేకముక్కలు పంచుతుంది.”

“నీకెలా తెలుసు?”

“బిల్లింగ్స్‌లో మన అల్లుడు కర్టిస్ వాళ్ళ చెల్లెలు కనబడి చెప్పింది. రెండేళ్ళయింది. మొదటిసారి వచ్చినప్పుడు నాకేం తెలుసు, నేరుగా వెళ్ళి తన బల్ల దగ్గరే కూర్చున్నాను.” తెర తాడు వేలికి చుట్టుకున్నాడు. “‘సర్, పందెం కాస్తారా?’ అంది. నా కూతురు నన్ను సర్ అంది.”

“కాశావా?”

“కాశాను. ఓడిపోయాను. ఏం మాట్లాడాలో తెలీక ముక్కలవంకే చూస్తూ కూర్చున్నాను. తర్వాత లిఫ్టు దగ్గరికొచ్చింది. ‘నాన్నా, అయినవాళ్ళని మా బల్ల దగ్గర ఆడనివ్వకూడదు. కూర్చుంటే వెంటనే పైవాళ్ళకి చెప్పాలి. చెప్పకుండా దాచినట్టు తెలిస్తే ఉద్యోగం ఉండదు. నువ్వు నాన్నవని నేనివాళ చెప్పలేకపోయాను, అది తప్పే. ఇంకెప్పుడూ కూర్చోకు. చూడాలనుంటే దూరం నుంచి చూసుకో’ అంది. ఇంకోటి కూడా అంది.”

“నాకు చెప్పొద్దంది.”

ఆరిన్ తలూపాడు. “చెప్తే ఈ ఊరూ వదిలేస్తానంది.”

మార్లిస్ కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టి, మూడోదాని దగ్గర ఆగిపోయింది.

“మరి ఇప్పుడెందుకు తీసుకొచ్చావు?”

“రిటైరయ్యాను కదా. ఇంక పాయింట్లు పెరగవు. ఐదు రాత్రులు ఒకేసారి తీసుకుంటే ఐదోది ఊరికే ఇస్తారని మొత్తం దీనికే పెట్టేశాను. ఇంకోసారికి లేవు.”

“డబ్బు పెట్టి రావచ్చుగా!”

“డబ్బయితే బ్యాంకు కాగితంలో నీకు కనబడుతుంది. పాయింట్లు నువ్వెప్పుడూ అడగలేదు.” గడియారం వంక చూసి, “చివరిసారి ఒక్కణ్ణే చూడబుద్ధి కాలేదు,” అన్నాడు.

గోడ గడియారంలో నాలుక్కి ఐదు నిమిషాలుంది. ఆరిన్ తాడు లాగాడు.

కింద తారు నేల. వరసలు వరసలుగా కార్లు. దూరంగా ఎర్రటి కొండలు. ఫౌంటెన్లూ దీపాలూ అన్నీ అవతలి వైపే. ఇటు చూడ్డానికి ఎవరూ పైసా ఇవ్వరు.

“అది సిబ్బంది పార్కింగ్. నాలుగింటికి డ్యూటీ దిగి ఆ ఇనప తలుపులోంచి వస్తుంది. ఈ వరస గదులకే కనబడుతుంది.”

అందరూ ఒకేసారి బయటికొచ్చారు. అందరికీ నల్ల ప్యాంట్లు, తెల్ల చొక్కాలు. మార్లిస్ కళ్ళు ఒకరి మీంచి ఒకరి మీదకి పరుగెత్తాయి. పొడుగు జడ కోసం వెతికింది. ఏ తలకీ జడ లేదు. తొమ్మిది నెలలు మోసిన పిల్ల ఇందులో ఎవరో పోల్చుకోలేకపోతున్నానన్న సంగతి మొగుడికి తెలియకూడదని నోరు బిగబట్టింది.

“బూడిదరంగు స్వెట్టర్,” అన్నాడు ఆరిన్ మెల్లిగా. “జుట్టు కత్తిరించేసింది.”

అప్పుడు కనబడింది. ఒక్కతే నడుస్తోంది. మిగతావాళ్ళు గుంపులుగా, నవ్వుకుంటూ పోతున్నారు. బ్రిట్టా పక్కన ఎవరూ లేరు.

“కుడికాలు ఈడుస్తోంది,” అంది మార్లిస్.

“లేదే?”

“ఈడుస్తోంది. రోజంతా నిలబడే ఉద్యోగం, ఆ పనికిమాలిన బూట్లు. పదిసార్లు చూశావు, నీకు కనబడలేదా?”

ఆరిన్ కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. “కనబడలేదు,” అని ఒప్పుకున్నాడు.

కారు దగ్గర బ్రిట్టా తాళాల కోసం సంచి వెతుక్కుంది. ఆరిన్ చెయ్యి పైకెత్తి అద్దం దగ్గర అటూఇటూ ఊపాడు.

“పైకి చూస్తుందా?”

“ఎప్పుడూ చూళ్ళేదు. నేనే ఊపుతుంటాను.”

కారు వెళ్ళిపోయింది. ఆ ఖాళీ చోటులో ఇంకో కారు వచ్చి ఆగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

“నేను కిందకి వెళ్తాను రేపు,” అంది మార్లిస్.

“వెళ్ళకు. నిన్ను చూస్తే పారిపోతుంది.”

“నేనేం పులినా?”

“నువ్వేమన్నావో నీకు గుర్తులేదా?”

గుర్తులేకేం. నవంబరు నెల, మంచు పడుతోంది. ముందుగదిలో చర్చి ఆడవాళ్ళు కాఫీ తాగుతున్నారు. బ్రిట్టా పెట్టెతో గుమ్మంలో నిలబడి, ‘కర్టిస్‌ని వదిలేసి వచ్చానమ్మా’ అంది, అందరూ వినేలా. అంతమంది ముందు మార్లిస్ మొహం వేడెక్కిపోయింది. ‘నీ మొగుడింటికి పో, ఇక్కడ చోటు లేదు’ అంది. కాఫీ కప్పుల చప్పుడు కూడా ఆగిపోయింది ఆ మాటకి.

“మూడు గదులున్నాయి మన ఇంట్లో,” అన్నాడు ఆరిన్.

“తెలుసు.”

“ఆ రాత్రి నేను మైల్స్ సిటీలో ఉన్నాను. రెండు మంచాల గది ఇచ్చారు. ఒకటి ఖాళీగానే ఉంది.”

“నువ్వింట్లో ఉంటే నేనలా అనేదాన్ని కాదు!” అని అరిచింది మార్లిస్. “నువ్వుంటే నీతో దెబ్బలాడి అయినా దాన్ని ఉంచుకునేదాన్ని. నాకు దెబ్బలాడ్డానికి కూడా మనిషి లేడు ఆ ఇంట్లో. వాళ్ళంతా వెళ్ళిపోయాక వీధి చివరిదాకా పరుగెత్తాను, తెలుసా నీకు? మంచులో చక్రాల గుర్తులు తప్ప ఏం లేవు. ఎనిమిదింటికి నువ్వు ఫోన్ చేసి ఏం తిన్నావన్నావు.”

ఆరిన్ వంగాడు. కింద పడ్డ చేతిసంచి తీసి, దుమ్ము దులిపి, ఆమె మంచం మీద పెట్టాడు. తన మంచం మీదకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు మంచాల మధ్య మూడడుగుల తివాచీ. నలభై ఏళ్ళ కాపురం చేసి అది దాటడం ఇద్దరికీ చేతకాలేదు.

మర్నాడు ఫలహారం దగ్గర వాళ్ళు మాట్లాడుకున్నవి రెండు మాటలు. ఉప్పు ఇటివ్వు అని ఒకటి, ఇదిగో అని ఒకటి.

మధ్యాహ్నం ఆరిన్ జేబురుమాలు తడిపి కిటికీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఒక మూల నుంచి ఇంకో మూలకి, ఎంతో శ్రద్ధగా. నాలుగింటికోసం సిద్ధం చేస్తున్నాడని మార్లిస్‌కి అర్థమైంది. కూతురికి ఈయన చేయగలిగింది ఈ అద్దం తుడవడమేనా అనిపించి, ఏడుపొచ్చింది. కోపమొచ్చి ఉంటే బాగుండేది. కోపమైతే ఆమెకి అలవాటు.

తుడిచి తుడిచి అతను కునుకు తీశాడు. మార్లిస్ కోటు వేసుకుని, బల్ల మీదున్న అతని గోల్డ్ కార్డు తీసుకుని కిందకి దిగింది. బల్లలు చూస్తూ తిరిగి తిరిగి, చివరి వరసలో ఆగింది.

పొట్టి జుట్టు, వంచిన తల. చొక్కాకి పేరున్న బిళ్ళ. ఇక్కడ పనిచేసేవాళ్ళందరికీ ఆ బిళ్ళ మీద పేరు, దాని కింద సొంత ఊరు రాస్తారు. మార్లిస్ కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. బ్రిట్టా. కింద, ఫార్గో.

ఏ ఊరు కావాలంటే ఆ ఊరు రాయించుకోవచ్చు కదా, అనుకుంది. ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుండిపోయింది. వెళ్ళి చూసి వచ్చేద్దామనే దిగింది గానీ కూర్చుందామని కాదు.

బ్రిట్టా తలెత్తింది. ముక్కలు పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత మొహంలో ఏమీ లేదు.

“ఆడతారా, మేడమ్?”

మార్లిస్ గబగబా సంచిలోంచి ఇరవై డాలర్ల నోటు తీసి, చెయ్యి చాచి ఇవ్వబోయింది. బ్రిట్టా అందుకోలేదు.

“బల్ల మీద పెట్టండి మేడమ్. చేతిలోంచి తీసుకోకూడదు మేము.”

“కొత్తనుకుంటా,” అన్నాడు పక్క కుర్చీలో టోపీ పెట్టుకున్న పెద్దాయన. “మొదటిసారి అందరూ అలాగే చేస్తారు లెండి.”

మార్లిస్ నోటు బల్ల మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. బ్రిట్టా నోటుకి బదులు రెండు పందెం చిప్పులు జరిపింది. వెనకాల నిలబడ్డ సూపర్‌వైజర్ డెల్గాడో ముందుకొచ్చి, కార్డుందా అని మర్యాదగా అడిగాడు. మార్లిస్‌కి తెలిసింది ఒకటే కార్డు. ఇచ్చేసింది. అతను దాన్ని పట్టుకుని తన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు.

ముక్కలు పడ్డాయి. మార్లిస్‌కి ఆట రాదు. బ్రిట్టా వేలితో చూపిస్తూ, ఇంకోటి కావాలా వద్దా అని అడుగుతుంటే, ఆ వేలిగోరు చిన్నప్పటిలాగే కొరికి ఉండటం చూస్తూ, కావాలంది. ఓడిపోయింది. పెద్దాయన నాలుక చప్పరించాడు.

“గది బాగుందా, మేడమ్?” అంది బ్రిట్టా. ప్రతివాళ్ళనీ అడిగే మాటే అది.

“పార్కింగ్ వైపు ఇచ్చారు.”

బ్రిట్టా చేతులు ఆగలేదు గానీ నెమ్మదించాయి.

“మావారికి అదే ఇష్టం,” అంది మార్లిస్. పుట్టి బుద్ధెరిగాక ఇంత ఆచితూచి ఒక్క మాటా మాట్లాడలేదు. “ఇంటి దగ్గర కూడా మాకు మూడు గదులు. అన్నీ ఖాళీ. ఒకమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడితే చోటు లేదన్నాను. అబద్ధం చెప్పాను. నలుగురూ ఏమనుకుంటారోనని చెప్పాను. ఇప్పుడా నలుగురిలో ఇద్దరు పోయారు, ఒకావిడకి మతిమరుపు.”

“నాలుగో ఆవిడో?” అన్నాడు పెద్దాయన, ఆసక్తిగా.

“నేనే.”

పెద్దాయన నవ్వబోయి మానేశాడు. బ్రిట్టా ముక్కలు పోగుచేసి పెట్టెలో సర్దింది. రెండుసార్లు సర్దింది, మొదటిసారే సరిగ్గా ఉన్నా.

డెల్గాడో నవ్వు మొహంతో తిరిగొచ్చాడు. “మళ్ళీ మా దగ్గరికి వచ్చినందుకు సంతోషం, మిసెస్ టాలెఫ్‌సన్. రెండేళ్ళ కిందట మీవారు కూడా ఈ బ్రిట్టా బల్ల దగ్గరే ఆడారు సుమా. మీ ఇంటివాళ్ళకి ఈ అమ్మాయి దగ్గర చోటు అచ్చొచ్చినట్టుంది!”

మార్లిస్ చేతిసంచి మూసింది. ఆ పాడు నంబరు ఇక్కడా చెప్పాడన్నమాట! కానీ డెల్గాడోకి ఏమీ తెలియదు. బ్రిట్టా ఇంకా కర్టిస్ ఇంటిపేరుతోనే ఉన్నట్టుంది, అతనికి అనుమానం వచ్చే దారే లేదు. తను నోరు మూసుకుని లేచి వెళ్ళిపోతే చాలు, పిల్ల ఉద్యోగం పిల్లకుంటుంది. నోరు మూసుకోవడం ఒక్కటే తనకి ఎన్నడూ రాని విద్య. ఇవాళ నేర్చుకోవాలి.

“అవును,” అంది లేస్తూ. “అచ్చొచ్చిన చోటే. ఇంక వెళ్తాను.”

అదే సమయానికి బ్రిట్టాకి బదులు ముక్కలు పంచడానికి ఇంకో అమ్మాయి వచ్చి భుజం తట్టింది. బ్రిట్టా బల్ల మీద రెండు చేతులూ చాచి ఒకసారి చప్పట్లు చరిచి, అరచేతులు పైకి తిప్పి చూపించింది, ఏమీ తీసుకుపోవడం లేదని. వీళ్ళ పద్ధతి అది. ఆ ఖాళీ చేతులు చూడలేక మార్లిస్ మొహం తిప్పుకుంది.

“డెల్గాడో గారూ,” అంది బ్రిట్టా.

“ఆఁ?”

“ఈవిడ మా అమ్మ.”

డెల్గాడో మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. తీసెయ్యడం మర్చిపోయాడు. మార్లిస్ వంక చూశాడు, బ్రిట్టా వంక చూశాడు, చేతిలో ఉన్న కార్డు మీద పేరు చూశాడు. రెండేళ్ళ కిందటి ఆ పెద్దమనిషి ఎవరో అతనికి అర్థమవుతూ ఉండటం ఇద్దరికీ కనబడింది.

“అయితే ఆయన...”

“మా నాన్న,” అంది బ్రిట్టా. “నేను చెప్పలేదు.”

పెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. మార్లిస్ అడ్డం వచ్చి ఏదో అనబోయింది. అబద్ధమనాలా, కాళ్ళు పట్టుకోవాలా తెలియలేదు. ఈ పిల్ల తనని పట్టించిందా, అమ్మా అని పిలిచిందా, అదీ తెలియలేదు.

“మీరిద్దరూ నాతో ఆఫీసుకి రండి,” అన్నాడు డెల్గాడో. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

మార్లిస్ బల్ల మీద మిగిలిన చిప్పు వదిలేసి నడిచింది. నాలుక్కి పావుగంట ఉంది. పైన ఆరిన్ లేచి, తుడిచిన అద్దం ముందు నిలబడి ఉంటాడు. ఇనప తలుపులోంచి అందరూ వస్తారు, అందరూ పోతారు. బూడిదరంగు స్వెట్టర్ రాదు. ఎంతసేపు చెయ్యి ఎత్తుకుని నిలబడతాడో.

ముందు డెల్గాడో, వెనక బ్రిట్టా, ఆ వెనక ఆమె.

“కుడికాలేనా?” అంది మార్లిస్, కూతురికి మాత్రమే వినబడేలా.

బ్రిట్టా వెనక్కి తిరిగి చూడలేదు. తల్లి పక్కకి వచ్చేదాకా నడక మాత్రం నెమ్మది చేసింది.